నా వైపు మొగ్గే లెక్క

నా చేతి వాచీ చూపించే కేలరీల లెక్క తప్పని నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసీ దాన్నే పట్టుకుని ఉన్నాను. మోసపోయానని చెప్పుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ తప్పు ఎప్పుడూ నా వైపే మొగ్గింది. కిరాణా కొట్లో పది రూపాయలు తక్కువ చిల్లర ఇస్తే గుమ్మం దిగకముందే వెనక్కి తిరిగే మనిషిని నేను. పది ఎక్కువ వస్తే మాత్రం ఇంటికి చేరాక కూడా లెక్కపెట్టుకోను. వాచీ విషయంలో ఇన్నాళ్లూ చేసిందీ అదే.

నేను నడిచేది విశాఖ బీచ్ రోడ్డు మీద. పొద్దున్నే అక్కడ వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్లదే. కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, కుర్సురా జలాంతర్గామి దాటి, వుడా పార్కు వైపు వెళ్లి వెనక్కి వస్తాను. సముద్రం పక్కన గాలికి లోటుండదు గానీ ఆ గాలి నిండా తడే. కాసేపటికే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. ఆ చెమట చూసుకుంటే ఏదో పెద్ద పనే చేసినట్టు ఉంటుంది. గంటయ్యాక నడక ఆపి బొత్తాం నొక్కితే అంకె వస్తుంది. 560, 580, ఒక్కోరోజు 600. ఆ అంకె చూడగానే ఎవరో నాకు బాకీ పడ్డట్టు ఒక ధీమా వస్తుంది. ఇంటికి రాగానే వసూలు మొదలు. డబ్బాలో మాడుగుల హల్వా ఉంటే ఒక ముక్కతో ఆగను. మా ఆవిడ మంచినీళ్ల క్యాను పైకి ఎక్కించమంటే, ఇప్పుడేగా ఆరువందలు కరిగించి వచ్చానని సోఫాలో వాలిపోతాను. ఆవిడ పొద్దున అయిదింటి నుంచీ నిలబడే ఉంది. ఆవిడ చేతికి వాచీ లేదు కాబట్టి ఆ లెక్క ఎక్కడా పడలేదు.

అసలు ఈ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలని కూర్చున్నది జ్ఞానం కోసమని చెప్పలేను. మా ఆఫీసులో ఒక కుర్రాడు, ఇవన్నీ ఉత్తిదే సార్ అన్నాడు. వాడి నోరు మూయించాలని వెతకడం మొదలుపెట్టాను.

వాచీ వెనక మెరిసే పచ్చ దీపం చర్మం కిందికి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి ఆ వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుంది. తిరిగొచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి గుండె వేగం తెలుస్తుంది. ఇంతవరకూ కొలతే. ఇక్కణ్ణించి కేలరీల దాకా నడిచేది ఊహ. గుండె ఇంత వేగంగా కొట్టుకుంటోంది కాబట్టి ఈ మనిషి ఇంత ఆక్సిజన్ వాడుతూ ఉండాలి, లీటరు ఆక్సిజన్‌కి సుమారు 5 కేలరీలు కాబట్టి ఇంత ఖర్చై ఉండాలి. ఇందులో రెండో సగం గట్టిదే. మొదటి సగమే మనిషికీ మనిషికీ మారిపోతుంది. ఒక్కో దెబ్బకి నా గుండె ఎంత రక్తం తోస్తుందో, ఆ రక్తంలోంచి నా కండరాలు ఎంత ఆక్సిజన్ తీసుకుంటాయో వాచీకి తెలీదు. నిజంగా తెలియాలంటే ముఖానికి మాస్కు బిగించి, పీల్చిన గాలినీ వదిలిన గాలినీ ప్రయోగశాలలో కొలవాలి.

వాచీ కంపెనీలు తమ సూత్రాలను సాధారణంగా బయటపెట్టవు. బయట దొరికేవాటిలో 2005లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ప్రచురించినది ఒకటి బాగా వాడుకలో ఉంది. గుండె వేగం, బరువు, వయసు వేస్తే నిమిషానికి ఎన్ని కేలరీలో చెబుతుంది. ఒక ఆదివారం కాగితం, పెన్ను తీసుకుని నా అంకెలు వేశాను. వయసు 50, బరువు 78 కిలోలు, నడకలో నాడి 110. గంటకు 570 వచ్చింది. వాచీ మాటతో దాదాపు కలిసింది. ఆఫీసు కుర్రాడికి చూపించడానికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను కూడా. అక్కడితో ఊరుకోవాల్సింది. సరదాకి అదే సూత్రంలో, ఊరికే కూర్చున్నప్పటి నా నాడి 70 వేశాను. గంటకు 210 వచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషికి కిలో బరువుకి గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చు. అంటే నాకు 78. సూత్రం దానికి రెండున్నర రెట్లకు పైగా ఇస్తోంది.

తప్పు సూత్రం కట్టినవాళ్లది కాదు. అది తయారైంది 18 నుంచి 45 ఏళ్ల మధ్య, క్రమం తప్పకుండా వ్యాయామం చేసే మనుషుల మీద. వాళ్లు ట్రెడ్‌మిల్ మీదో సైకిల్ మీదో శ్రమపడుతున్నప్పటి లెక్క అది. నా వయసు ఆ హద్దు దాటింది. క్రమం తప్పకపోవడం సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఇంకో దారిలో లెక్క వేస్తే, గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో నడిస్తే విశ్రాంతిలో ఖర్చయ్యేదానికి సుమారు మూడున్నర రెట్లు ఖర్చవుతుంది. 78ని మూడున్నరతో గుణిస్తే 273. అందులో, నేను నడవకుండా పడుకున్నా ఖర్చయ్యే 78 ఉంది. అది తీసేస్తే నడక వల్ల నిజంగా అదనంగా పోయింది 195. నా 580లో మూడో వంతు. కాగితం జేబులోంచి తీసి చింపేశాను. ఆఫీసు కుర్రాడికి ఈ రెండో లెక్క ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత చదివినవి ఇంకా గుచ్చుకున్నాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఏడు రకాల చేతి పరికరాలను 60 మంది వలంటీర్ల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో పట్టుకున్నాయి. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా అధ్వాన్నమైనది 93 శాతం. నాడి సరిగ్గా చెప్పగలిగిన వస్తువే ఖర్చు దగ్గర అంత తప్పిందన్నమాట. ఎవరి విషయంలో తేడా ఎక్కువ వచ్చిందో కూడా రాశారు. మగవాళ్లలో, ఒళ్లు ఎక్కువున్నవాళ్లలో, చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో, నడిచేటప్పుడు. నాలుగింటికి నాలుగూ నేనే. ఆ రోజు నాకు నవ్వు రాలేదు గానీ ఇప్పుడు వస్తోంది.

ఇంకా ఒక మెలిక ఉంది. పాశ్చాత్య దేశాల వాళ్ల లెక్కలతో కట్టిన సూత్రాలు మన దేహం విశ్రాంతిలో పెట్టే ఖర్చును ఎక్కువ చేసి చూపుతాయని గమనించి, మన ఐసీఎంఆర్ నిపుణులు వాటిని కొంత తగ్గించి వాడారు. నా వాచీకి నా వయసు తెలుసు, బరువు తెలుసు, ఎత్తు తెలుసు. నేను ఎక్కడివాణ్ణో అది అడగలేదు.

ఇదంతా తెలిశాక వాచీ తీసి బీరువాలో పెట్టి ఉండాలి. పెట్టలేదు. లెక్క తప్పైతేనేం, నన్ను నడిపిస్తోందిగా అని సర్దిచెప్పుకున్నాను. చాలామంది ఈ మాటే అంటారు, అందులో నిజం లేకపోలేదు. కానీ నా విషయంలో అది నిజమో కాదో తేలే సందర్భం ఒకటి వచ్చింది. ఎండాకాలంలో మొదలుపెట్టిన నడక డిసెంబరు దాకా సాగింది. డిసెంబరులో మా ఊళ్లో పొద్దుటి గాలి హాయిగా ఉంటుంది. అదే రోడ్డు, అదే వేగం. నాడి మాత్రం 110 దగ్గర ఆగకుండా 98కి, 96కి దిగింది. అంకె కూడా దిగిపోయింది. 430, 420.

దీనికి కారణాలు రెండు, రెండూ శుభవార్తలే. మే నెల ఉక్కలో ఒళ్లు చల్లబడటానికి గుండె చర్మంలోకి అదనంగా రక్తం పంపాలి. చెమటలో నీరు పోయిన కొద్దీ ఒక్కో దెబ్బకి తోసే రక్తం తగ్గి, గుండె వేగం పెంచుకోవాలి. పని పెరగకపోయినా నాడి పెరుగుతుంది. వాచీ ఆ ఉక్కను కూడా నా శ్రమ కింద రాసేసింది. చలికాలం వచ్చి ఆ దొంగలెక్క ఆగింది. రెండోది, నెలల తరబడి నడిచినందుకు గుండె బలపడి, తక్కువ దెబ్బలతోనే అదే పని చేస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్లి ఈ మాట చెబితే భుజం తట్టేవాడు. నేనేం చేశానంటే, వాచీ పట్టీ వదులైందేమోనని బిగించుకున్నాను. మణికట్టు మీద గుర్తు పడేంత బిగించాను. ఆరోగ్యం కోసమే నడుస్తున్నానని పదిమందికీ చెప్పుకున్నవాణ్ణి, ఆరోగ్యం వచ్చి ఎదుట నిలబడితే విసుక్కున్నాను.

మరి దేనికోసం నడుస్తున్నట్టు? దీనికి జవాబు నేను వెతికితే దొరికింది కాదు. ఒక కోపం మధ్యలో దొరికింది.

నడక సగంలో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్న కంటి ఆపరేషన్‌కి ఎవరు సెలవు పెట్టాలన్న మాట. మాట పెరిగింది. బీచ్ గోడ మీద కూర్చుని, ఎదురుగా సముద్రం ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, గత కొన్నేళ్లలో నాన్న కోసం నేను చేసినవన్నీ వాడికి వరసపెట్టి వినిపించాను. ఏ టెస్టుకి ఎవరు తీసుకెళ్లారు, ఏ రాత్రి ఆసుపత్రిలో ఎవరు పడుకున్నారు, మందుల బిల్లు ఎవరు కట్టారు. తారీఖులతో సహా చెప్పగలిగాను. అంత గుర్తుండటం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఫోన్ పెట్టేశాక చూస్తే వాచీలో వ్యాయామం మోడ్ ఆపలేదు. కదలకుండా కూర్చుని అరిచిన అంతసేపూ నాడి 105 దగ్గర ఉంది. అది మొత్తం నడక కిందే కట్టి నాకు నూటపాతిక కేలరీలు జమ చేసింది. కోపం వచ్చినప్పుడు అడ్రినలిన్ గుండెను పరుగెత్తిస్తుంది, కండరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. పచ్చ దీపానికి ఆ తేడా కనిపించదు.

ఆ నూటపాతిక చూసి సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. నిజానికి మొదట వచ్చిన ఆలోచన, పోనీలే, ఇవాళ్టి లెక్క తగ్గలేదు అని. సిగ్గు ఆ తర్వాత ఎప్పుడో, స్నానం చేస్తుండగా వచ్చింది. తమ్ముడికి చదివి వినిపించిన పద్దూ, మణికట్టు మీది పద్దూ రాసింది ఒకే చెయ్యి అని అప్పుడు తోచింది. నాకు కొలత అక్కర్లేదు. ఎదుటివాళ్లు నాకు ఎంత బాకీ పడ్డారో చెప్పే చిట్టా కావాలి. ఆ చిట్టా నేను రాసుకుంటే ఎవరూ నమ్మరు. యంత్రం రాస్తే సాక్ష్యం ఉన్నట్టు. అందుకే దాని నిజానిజాలు నాకు అంత పట్టలేదు.

ఇంతకన్నా చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది.

నాన్న స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్లలో చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 75 ఏళ్లు. సింహాచలం ఎప్పుడు వెళ్లినా మెట్ల దారినే ఎక్కుతానంటారు. బస్సు మాటెత్తితే వినరు. ఆమధ్య వెళ్లినప్పుడు నా పాత బ్యాండు ఆయన చేతికి కట్టాను. నాన్న ఆరోగ్యం కోసమేనని మా ఆవిడతో అన్నాను. కట్టేటప్పుడు ఆయన మణికట్టు ఎంత సన్నబడిందో చూశాను. పట్టీ చివరి రంధ్రం దాకా లాగాల్సి వచ్చింది. ఆయన వయసు, 64 కిలోల బరువు ఫోన్లో వేసి మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర బ్యాండునీ, నా వాచీనీ ఒకేసారి నొక్కాను. సుమారు వెయ్యి మెట్లు. నాకు వగర్పు వచ్చి రెండు మూడు చోట్ల చెట్ల కింద ఆగాను. ఆయనా ఆగారు గానీ, నాకోసం ఆగారో తనకోసం ఆగారో చెప్పలేను. పైకి చేరాక చూస్తే నాకు 400 దాటింది. ఆయనకి 200 లోపే.

"ఏట్రా, నాకు ఇంతేనా వచ్చింది?" అని ఆయన అడిగారు. వయసు వల్ల నాన్నా అన్నాను. "సరేలే, పద, లైను పెరిగిపోతాది," అంటూ ముందుకు నడిచారు.

వయసు వల్ల కాదని ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. ఆయన బీపీకి వాడేది బీటా బ్లాకర్. నెలనెలా ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్లేది నేనే. అడ్రినలిన్ కబురు గుండెకి పూర్తిగా అందనివ్వకుండా ఆ మందు అడ్డుపడుతుంది. ఎంత ఎక్కినా నాడి అంతగా పెరగదు. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోసి గుండె ఆ లోటు పూడ్చుకుంటుంది, కండరాలు వచ్చిన రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్ పిండుకుంటాయి. పని జరుగుతుంది, నాడిలో కనబడదు. నాడిని బట్టి కేలరీలు కట్టే ఏ వస్తువైనా ఆ మనిషి ఖర్చును తక్కువ చేసి చూపుతుంది. ఆయన బరువు నా బరువులో దాదాపు అయిదింట నాలుగు వంతులు. ఎక్కినవి అవే మెట్లు, పట్టిన సమయమూ అదే. ఖర్చూ ఇంచుమించు ఆ నిష్పత్తిలోనే ఉండాలి. బ్యాండు సగం కూడా ఇవ్వలేదు. నాకేమో ఉన్నదానికి మించి ఇచ్చింది. రెండూ వేర్వేరు పరికరాలు కాబట్టి ఆ తేడా కొంత ఉంటుందనుకున్నా, అసలు కారణం ఆ తెల్ల మాత్ర.

ఇన్ని తెలిసిన మనిషి ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? క్యూలో నిలబడి ఉన్నంతసేపూ చెప్పడానికి వీలుంది. చెప్పలేదు, ఎందుకంటే లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. డెబ్బై అయిదేళ్ల తండ్రి మీద, ఆయన వేసుకునే మందు పుణ్యాన, ఒక రబ్బరు పట్టీ సాక్షిగా గెలిచినందుకు సంతోషం. రాయడానికి చెయ్యి ఆగుతోంది గానీ వేరే మాట దొరకడం లేదు.

ఆ గెలుపు నాకు ఎందుకు కావాల్సివచ్చిందో ఆలోచిస్తే చిన్నప్పటి ఇంటి దాకా పోవాల్సి వస్తోంది. నాన్న బి షిఫ్ట్ చేసి రాత్రి ఇంటికి వచ్చేసరికి నేను చదువుకుంటున్నట్టు కూర్చునేవాణ్ణి. ఆయన చొక్కా విప్పి తాడు మీద వేస్తే వీపు మీద ఆరిన చెమట తెల్లటి ఉప్పు గీతలు కట్టి ఉండేది. విశాఖ ఉక్కు కోక్ ఓవెన్లు ఏడు మీటర్ల ఎత్తున్నవి. అంత ఎత్తువి దేశంలో మొదట కట్టింది ఇక్కడే. లోపల బొగ్గు వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కోక్ అవుతుంది. ఆ ఓవెన్ల వరస పైన ఎనిమిది గంటలు. ఇంట్లో ఆ పని గురించి ఆయన ఏమీ చెప్పేవారు కాదు. మేం అడిగేవాళ్లమూ కాదు. అన్నం తిని పడుకునేవారు. ఆయన ముందు నేను ఎప్పుడూ కష్టపడని మనిషినే. ఆ మాట ఆయన ఒక్కసారీ అనలేదు. అననందువల్లేనేమో, జవాబు చెప్పుకునే వీలు కూడా నాకు లేకపోయింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలు నా దగ్గర ఉన్నాయి. 65 కిలోల భారతీయ పురుషుడు కూర్చుని పనిచేస్తే రోజుకి 2110 కేలరీలు కావాలి. బరువైన శ్రమ చేస్తే 3470. ఆ రెంటికీ తేడా 1360. నేను బీచ్ రోడ్డు మీద నిజంగా అదనంగా ఖర్చుపెట్టే 195ని దాని పక్కన పెట్టి చూశాను. పెట్టి చూడాలనిపించడం కూడా ఆ పాత జబ్బే.

ఇక్కడ వాచీలకి తెలియని ఇంకో సంగతి వస్తుంది. బెల్జియంలో పుట్టి అమెరికా వెళ్లిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు లూసియన్ బ్రూహా, హార్వర్డ్‌లో ఉండగా 1940లలో మెట్టు ఎక్కి దిగే పరీక్షను తయారుచేసినవాడు, తర్వాత ఫ్యాక్టరీ కార్మికుల నాడి మీద చాలా పనిచేశాడు. వేడిలో పనిచేసేవాళ్ల నాడి వాళ్లు వాడే ఆక్సిజన్‌తో పొంతన లేకుండా పెరుగుతుందనీ, పని ఆపాక ఆ నాడి ఎంతసేపటికి మామూలుకి దిగుతుందో చూస్తే ఒంటి మీద పడ్డ భారం తెలుస్తుందనీ చూపించాడు. కేలరీల లెక్క ప్రకారం చూస్తే ఆ పెరిగిన నాడి తప్పుడు లెక్కే, వేడిని శ్రమగా చూపడమే. మనిషి వైపు నుంచి చూస్తే? కొలిమి ముందు నిలబడిన మనిషి గుండె నిమిషానికి ఇరవై దెబ్బలు ఎక్కువ కొట్టుకుంటే, అది కేలరీ కాకపోతే ఖర్చు కాకుండా పోతుందా? మే నెలలో నా వాచీ ఇచ్చిన అదనాన్ని నేను పైన దొంగలెక్క అన్నాను. నాన్న విషయానికి వచ్చేసరికి ఆ మాట అనలేకపోతున్నాను. ఒకే సూత్రానికి ఇద్దరి దగ్గరా రెండు న్యాయాలు చెబుతున్నానేమో. ఇది నాకింకా తెగలేదు.

పోనీ నాన్న శ్రమను గుర్తించానని సంతోషిద్దామా అంటే అదీ కుదరడం లేదు. ఈమధ్య బీచ్‌లో నలుగురు కలిసినప్పుడు, మా నాన్న కోక్ ఓవెన్లలో చేశారండీ అని చెప్పడం అలవాటైంది. చెబుతున్నప్పుడు నా గొంతులో ఒక బరువు వస్తుంది. ఆ బరువు నాది కాదు, ఆయన చొక్కాది. దాన్నీ నా ఖాతాలోకే మళ్లిస్తున్నాను.

నేర్చుకున్న విషయాలు కూడా అంతే. పోర్టులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు రోజూ నాకు ఎదురవుతారు. ఒకరోజు చెయ్యి చాపి, "మాస్టారూ, ఇవాళ 640 అండి," అన్నారు సంబరంగా. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. స్టాన్‌ఫర్డ్ దగ్గర మొదలుపెట్టి, పచ్చ దీపం, ఆక్సిజన్, 27 శాతం, 93 శాతం అన్నీ అప్పజెప్పాను. నిజానికి మీకు రెండువందలు కూడా ఖర్చై ఉండవండి అని ముగించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "అలాగాండీ. మా మనవడు హైదరాబాద్ నుంచి పంపాడండి ఇది. రాత్రి ఫోన్ చేసి తాతా ఎంతొచ్చిందీ అని అడుగుతాడు. చెప్పాలి కదా," అన్నారు.

ఆయనకి ఆ అంకె మనవడితో మాట కలపడానికి. అది సరైనదా కాదా అన్న ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. నాకు అంత తొందర ఎందుకొచ్చిందో ఇంటికి వెళ్తూ ఆలోచించాను. సైన్సు మీద ప్రేమ అనుకుందామంటే, అంతకుముందు వారం 420 చూపించిన ఇంకో ఆయన దగ్గర నేను నోరు మెదపలేదు. భలే నడిచారండీ అన్నాను కూడా. ఆ రోజు నా అంకె 450. పెద్దాయన నన్ను దాటిపోయారు, అంతే. అసూయకి శాస్త్రం తోడు దొరికితే మనిషి ఎంత మర్యాదగా మాట్లాడగలడో ఆ రోజు నా మాటలోనే విన్నాను.

ఇంత చెప్పాక ఒక్కటి దాస్తే బాగుండదు. కిందటేడాది నా బరువు 82. ఇప్పుడు 78. తగ్గిన సంగతి కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాను. వాచీకి మాత్రం చెప్పలేదు. యాప్‌లో ఇప్పటికీ 82 అనే ఉంది. బరువు ఎక్కువ వేస్తే కేలరీలు ఎక్కువ వస్తాయని నాకు తెలుసు, మార్చడానికి అరనిమిషం కూడా పట్టదనీ తెలుసు. ఇది రాస్తూ ఆ దక్షిణాఫ్రికా సూత్రంలో లెక్క వేసి చూశాను. ఆ నాలుగు కిలోల అబద్ధం వల్ల నాకు దక్కేది గంటకు 11 కేలరీలు. నెయ్యి గ్రాముకి 9. మాడుగుల హల్వా తింటే వేళ్లకి అంటుకునే నెయ్యే అంతకన్నా ఎక్కువుంటుంది.